కిటికీకి కట్టిన దుప్పటి

"తియ్యి," అంది అత్తయ్య.

అది నాలుగోసారి. తేగులో కూతురింటి నుంచి మోసుకొచ్చిన సంచీ ఇంకా భుజం మీంచి దించలేదు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో ఒకటి బోర్లా పడింది, దాన్ని సరిచేసే ధ్యాస కూడా లేదావిడకి. హాలు మధ్యలో నిలబడి, బాల్కనీ కిటికీకి నేను కట్టిన తెర వంక చూస్తోంది.

"ముందు కూర్చోండత్తయ్యా. గంటన్నర బస్సులో వచ్చారు. కాసిని నీళ్ళు తాగండి."

"నా ఆఖరి దుప్పటిని కిటికీకి ఉరేసి, నన్ను కూర్చోమంటావా? ఆ నీళ్ళేవో నువ్వే నా నోట్లో పోసెయ్, పనైపోతుంది!"

మా ఆయన సంగు వంటింట్లో ఫ్రిజ్ తలుపు తీశాడు, మళ్ళీ వేశాడు. పొద్దుటినుంచీ అతను చేస్తున్న పని అదొక్కటే. మా ఊరు ఆందోంగ్‌లో ఏ మేడలో లిఫ్టు ఇరుక్కున్నా అరగంటలో కదిలించి వస్తాడు. ఇంట్లో తల్లికీ పెళ్ళానికీ మధ్య తనే ఇరుక్కుంటే మాత్రం కదల్లేడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఏం చేస్తాడు పాపం, ఫ్రిజ్ తీస్తాడు.

"ఒక్బున్ ఫోన్ చేసింది," అంది అత్తయ్య. ఒక్బున్ ఆవిడకి పాత నేస్తం. "పొద్దున ఆరింటికి. పసిపిల్లకి నీళ్ళు పోస్తున్నాను. ఏమందో తెలుసా? 'ఏమే మల్సున్, పోయావా? పోతే పోయావు, కబురైనా చెయ్యొద్దటే' అంది. 'నీ దుప్పటి మీ కోడలు ఫోన్లో పెట్టిన ఫోటోలో చూశాను' అంది!"

సంగు దగ్గాడు. అది నవ్వని నాకు తెలుసు, వాళ్ళమ్మకీ తెలుసు.

"నవ్వరా, నవ్వు. ఊరంతా నవ్వింది. వృద్ధుల సంఘం గదిలో పేకముక్కలు కింద పెట్టి మరీ నవ్వారట. ఈవిడ దాని కింద ఏదో రాసింది కూడాను. ఏం రాశావే? చదువు."

"ఇప్పుడెందుకత్తయ్యా..."

"చదువు!"

చదివాను. నేను రాసిందే, చదవడానికి నాకేం సిగ్గు? "మట్టిలో పుట్టిన తెర. మట్టిలో పెడితే మట్టిలోనే కలిసిపోతుంది. మీ ఇంటికి ఇంతకన్నా అందమేముంది?"

అత్తయ్య నా మొహంలోకి చూసింది. "మట్టిలోకి వెళ్ళాల్సిందే అది, తల్లీ. నాతోపాటు. నీకా తొందరెందుకొచ్చింది?"

నేను తప్పు చేశాను. అది ముందే ఒప్పుకుంటున్నాను, దాచుకోవడానికేం లేదు. పాత బజారులో నాకో చిన్న కొట్టుంది. ఇళ్ళకి అలంకరణ వస్తువులు అమ్ముతాను. ప్లాస్టిక్ ముక్క కూడా ఉండదు నా కొట్టులో. మూల ఒక కుండీ మొక్క పెట్టేసి 'మాది ప్రకృతి ఇల్లు' అని ఫోటోలు పెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. గోడకి ఒకే వస్తువు ఉండాలి, అది ఏ చేతిలోంచి వచ్చిందో చెప్పగలగాలి. అదీ నా పద్ధతి. ఈ పద్ధతి పట్టుకునే నాలుగేళ్ళు నిలబడ్డాను.

అత్తయ్య కూతురి పురిటికని తేగు వెళ్ళిన రెండు వారాల్లో, ఆవిడ గదిలో బీరువా మీద చెక్కపెట్టె దించాను. అడక్కుండా దించాను. వచ్చేసరికి ఇల్లు కొత్తగా చేసి ఆశ్చర్యపరుద్దామని. పెట్టెలో పెద్ద నారబట్ట దుప్పటి ఉంది. నార అంటే ఈ ఊరి నారే, చేత్తో చీల్చి వడికి నేసింది. రంగు లేదు, పువ్వు లేదు, కుట్టుపని లేదు. అయిదు నిలువు పట్టీలు కలిపి కుట్టారు. చేతిలోకి తీసుకుంటే నా గుండె ఆగినంత పనైంది. ఇంత అందమైన బట్టని పెట్టెలో పెట్టి మూసేస్తారా ఎవరైనా?

దారం ఒకటి లాగాను. మొత్తం ఊడి వచ్చేసింది. చివర ముడి లేదు! ఏ కుట్టుకీ ముడి లేదు. ఎవరో పనిరాని వాళ్ళు టాకాలు వేసి వదిలేశారనుకున్నాను. అయిదు పట్టీలూ విడదీసి, మళ్ళీ నా చేత్తో గట్టిగా, ముడులు వేసి, కిటికీకి సరిపోయేలా కుట్టాను. నాకెంత గర్వమో ఆ రోజు!

ముడి వేస్తే పోయినవాళ్ళు చిక్కుకుపోతారని, అందుకే ఆఖరి బట్టలకి ముడి వెయ్యరని నాకెవరు చెప్పారు? మా అమ్మ పోయినప్పుడు ఆస్పత్రి కింద హాల్లో అన్నీ పొట్లాల్లో వచ్చాయి. నేను చూసింది అంతే.

"పోనీ బట్ట కత్తిరించలేదుగా అమ్మా," అన్నాడు సంగు, ఎట్టకేలకి నోరు విప్పి. "పట్టీలు పట్టీలుగానే ఉన్నాయి. మళ్ళీ కుట్టేస్తే సరి."

"ఎప్పుడు కుడతావురా? ఇవాళా? అధికమాసంలో కుట్టాలది. పదకొండేళ్ళ కింద అధికమాసంలో నేనూ ఒక్బున్నూ ఇంకో ముగ్గురమూ కూర్చుని, పొద్దున మొదలుపెట్టి పొద్దుగుంకేలోపు పూర్తిచేశాం. అధికమాసంలో దేవుళ్ళు ఇటు చూడరు, అందుకని. మొన్ననే వెళ్ళిపోయింది అధికమాసం, ముప్ఫై రోజులు కాలేదు! మళ్ళీ రావాలంటే మూడేళ్ళు. అంటే మూడేళ్ళదాకా నాకు చావడానిక్కూడా వీల్లేదన్నమాట!"

"మంచిదేగా," అన్నాడు సంగు.

నేనైతే ఆ మాట అనుండేదాన్ని కాదు.

అత్తయ్య తెర దగ్గరకి వెళ్ళింది. పైనుంచి కిందకి చేత్తో నిమిరింది. చెయ్యి అంచు దగ్గర ఆగిపోయింది. ఆవిడ ఏం కొలుస్తోందో నాకు తెలుసు.

"ఇది పొట్టిగా ఉందేం?"

గుమ్మం దగ్గరికెళ్ళి బోర్లా పడ్డ చెప్పు సరిచేశాను.

"బోరం. నిన్నే."

"జానెడు కత్తిరించానత్తయ్యా. నేల మీద ఈడుస్తోంది. దుమ్ము పడుతుందని..."

అత్తయ్య అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. అరుపుకి నా దగ్గర జవాబుంటుంది.

"బతికినన్నాళ్ళూ దుప్పటి ఎంతుంటే అంతే కాళ్ళు చాపుకున్నాను," అంది మెల్లగా. "మీ మామయ్య ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. చచ్చాకైనా బారుగా పడుకుందామని జానెడు ఎక్కువే నేశాను. అప్పుడు కూడా కాళ్ళు ముడుచుకోమంటావా?"

ఏడుపొచ్చింది నాకు. నిజంగా వచ్చింది. కానీ నేను ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సొస్తుంది, అది మరీ అన్యాయం. అందుకని బిగబట్టుకున్నాను.

"ఆ ముక్కేది?"

చూపించాను. మూల బల్ల మీద దీపానికి తొడుగు చేశాను దాన్ని. దీపం వెలుగుతోంది. అత్తయ్య వెళ్ళి దాన్ని ఆర్పేసింది. తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

*

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. సంగు కంచంలో పెట్టి తీసుకెళితే, అన్నంలో చన్నీళ్ళు పోసుకుని రెండు మెతుకులు తిని కంచం బయట పెట్టేసింది. కిమ్చీ పచ్చడి ముట్టలేదు. మా ఇంట్లో ఆవిడ కిమ్చీ ముట్టకపోవడం మామయ్య పోయినరోజు తర్వాత ఇదే మొదలట. సంగు ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు.

"నాకెందుకు చెప్తున్నావు?"

"ఊరికే."

"ఊరికే కాదు. వెళ్ళి కాళ్ళమీద పడమంటున్నావు."

"పడితే అరిగిపోతావా?"

"కాళ్ళమీద పడితే ముడులు ఊడతాయా? జానెడు అతుక్కుంటుందా? పనికొచ్చే మాటుంటే చెప్పు, లేకపోతే నీ ఫ్రిజ్ దగ్గరికి నువ్వు వెళ్ళు."

వెళ్ళాడు.

మూడు గంటలకి ప్యో గారొస్తారు. నది ఒడ్డున పాత పెంకుటిల్లు కొని, తొమ్మిది గదుల బస చేస్తున్నారావిడ. గదుల్లోకి ఏమేం కావాలో నా దగ్గరే ఎంచుకుంటానన్నారు. అంతకుముందు ముగ్గురు కొట్లవాళ్ళని వెనక్కి పంపేశారట. నా పేజీలో తెర ఫోటో చూసే నాకు ఫోన్ చేశారు. వస్తువు కొట్టులో కాదు, మనుషులుండే ఇంట్లో చూడాలన్నారు. ఆ తెర లేకపోతే ఆవిడ మెట్లెక్కరు. ఆవిడ మెట్లెక్కకపోతే ఈ చలికాలం నా కొట్టు తలుపు తెరవనక్కర్లేదు.

అత్తయ్య తలుపు తట్టాను. "అత్తయ్యా, లోపలికి రానా?"

"నీ ఇల్లేగా."

నేల మీద కూర్చుని ఉంది. ఖాళీ చెక్కపెట్టె మూత తీసి ముందు పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్నాను.

"అడక్కుండా తీశాను. నాది తప్పు. మీకోసమే చేశాననీ, తెలీక చేశాననీ చెప్పను. అడిగితే వద్దంటారేమోనని ఎక్కడో భయముంది, అందుకే అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మూడింటికి వచ్చే ఆవిడ వెళ్ళేదాకా ఉంచనివ్వండి. ఆ తర్వాత నా చేత్తో తీసి మీ పెట్టెలో పెడతాను."

అత్తయ్య పెట్టె అడుగున వేలితో గీస్తూ కూర్చుంది.

"వచ్చేవాళ్ళకి ఏమని చెప్తావు? చేనేత తెర అనా?"

"అదీ... నారబట్ట అని..."

"అదేం కుదరదు. నీ నోటితో ఉన్నదున్నట్టు చెప్పు. 'ఇది మా అత్తగారు పోయాక కప్పుకోడానికి నేసుకున్న దుప్పటి' అని చెప్పు. అప్పుడు కూడా ఆవిడకి నచ్చితే, ఉంచుకో. అబద్ధమాడావో, సాయంత్రం బస్సుకి తేగు వెళ్ళిపోతాను. దుప్పటి మీద ఒట్టు, మళ్ళీ ఈ గడప తొక్కను."

"చావుబట్ట అని చెప్తే ఎవరు కొంటారత్తయ్యా?"

"కొనరనేగా చెప్పమంటున్నది."

చూశారా ఆవిడ తెలివి! డెబ్భై మూడేళ్ళు. నాకు కోపమొచ్చింది, ఆ కోపంలోనే ముచ్చటేసింది కూడా.

"సరే," అన్నాను. "చెప్తాను."

నాకు నోరుంది. నోరున్నవాడిదే రాజ్యమన్నారు. చెప్పి కూడా అమ్మి చూపిస్తాననుకున్నాను.

*

ప్యో గారు సరిగ్గా మూడింటికి వచ్చారు. సన్నటి మనిషి, అరవై అయిదు దాటి ఉంటాయి. తల మీద ఊలు టోపీ. కూర్చోమంటే కూర్చోలేదు. బార్లీ టీ ఇస్తే కిటికీ గట్టు మీద పెట్టేసి మర్చిపోయారు.

హాల్లో అన్నీ సర్ది ఉంచాను. జొన్న చీపురు గోడకి ఒక్కటే, పక్కన ఇంకేం లేకుండా. పుల్లల బుట్ట. మల్బరీ కాగితం దీపం. గడ్డితాడు చుట్టిన పీట. కరిగించిన పాత సారా సీసాల పూలకూజా. పగిలితే దారంతో కుట్టిన సొరకాయ బుర్ర గిన్నె. ఒక్కోదాని గురించీ చెప్పడానికి ఒక్కో కథ సిద్ధంగా ఉంది నా దగ్గర. ఆవిడ ఒక్క కథా విన్లేదు. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న.

"ఇది కుళ్ళుతుందా?"

"ఆఁ?"

"మట్టిలో పాతిపెడితే కుళ్ళుతుందా అని. ఎన్నాళ్ళకి?"

నాలుగేళ్ళ వ్యాపారంలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. గదికి నప్పుతుందా అంటారు, ఎన్నేళ్ళు మన్నుతుంది అంటారు.

పుల్లల బుట్ట ఎత్తి గోటితో గీకారు. "పైన రాసిందేమిటి?"

"వార్నిషండీ. పల్చటి పూత, అంతే. పురుగు పట్టకుండా."

"పురుగే ముట్టనిది మట్టి ముడుతుందా?" బుట్ట పక్కన పెట్టేశారు. మాట నిజం. అది నేను కదా కనిపెట్టాల్సింది! సిగ్గేసింది.

పూలకూజా చూశారు. "గాజు. కుళ్ళదు."

"కుళ్ళదు. కానీ చెత్తకుప్పలో పడాల్సిన సీసాలండీ అవి. చెత్తలోంచి వచ్చిన గాజు, అంతకన్నా గొప్పగా చెప్పను."

"అలా చెప్తే వింటాను." కూజా కుడివైపు పెట్టారు. కుడివైపు అంటే తీసుకున్నట్టని అప్పటికి అర్థమైంది నాకు. చీపుర్లు తొమ్మిది కావాలన్నారు. కాగితం దీపాలు మూడే చాలన్నారు, మిగతా గదుల్లో చీకటి ఉండనివ్వమన్నారు. సొరకాయ బుర్ర గిన్నె మాత్రం చాలాసేపు చేతిలోనే ఉంచుకుని, కుట్ల మీద వేలు పోనిచ్చి, చివరికి కుడివైపు పెట్టారు. నా పద్ధతి తెలిసిన మనిషి దొరికిందని లోపల ఎగిరి గంతేశాను.

అప్పుడు తెర దగ్గరకి వెళ్ళారు.

మూడున్నర ఎండ పడమటి కిటికీలోంచి నేరుగా పడుతోంది. అయిదు పట్టీలూ అయిదు రకాలుగా వెలుగుతున్నాయి. ఒకటి గోధుమ రంగు, మధ్యది తేనె రంగు. ఒకే చెయ్యి నేసినా ఒక్కో చలికాలం నార ఒక్కో రంగు తేలుతుంది. ప్యో గారు ముట్టుకోకుండా నిలబడ్డారు. తర్వాత ముట్టుకున్నారు.

"తొమ్మిది గదులకీ ఇదే కావాలి," అన్నారు.

అత్తయ్య గది తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల్నించి చిన్న చప్పుడు కూడా లేదు.

ఒక్క క్షణం, అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తొమ్మిది గదులు! కానీ నేనాడితే ఆవిడ సంచీ భుజానికేసుకుని వెళ్ళిపోతుంది. ఆవిడ వెళ్ళిపోయిన ఇంట్లో ఏ తెర కట్టినా ఏం లాభం?

"ఒక మాట చెప్పాలండీ," అన్నాను. "ఇది తెర కాదు. మా అత్తగారు పోయాక తన మీద కప్పాలని తనే నేసుకున్న దుప్పటి. ఆవిడనడక్కుండా తీసి కిటికీకి కట్టాను. జానెడు కత్తిరించాను కూడా."

ప్యో గారి చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చింది.

"ఎప్పుడు పోయారావిడ?"

తలుపు ధడాలున తెరుచుకుంది. "పోవడమేంటి? నేనింకా ఉన్నాను!"

వంటింట్లో ఫ్రిజ్ మూసుకుంది. ప్యో గారు నన్నూ అత్తయ్యనీ మార్చి మార్చి చూసి, నడుం వంచి దణ్ణం పెట్టారు. ప్రతిగా అత్తయ్య కూడా నడుం వంచింది, కోపంలో ఉన్నా మర్యాద తప్పదుగా.

"మీరే నేశారా అక్కగారూ?"

"ఇంకెవరు నేస్తారు? నార నానబెట్టింది నేను, గోటితో చీల్చింది నేను. పోగు పోగుకీ తొడ మీద రుద్ది కలిపింది నేను. ఇక్కడ చర్మం ఇప్పటికీ మొద్దుబారిపోయి ఉంది, చూస్తారా?"

"అత్తయ్యా!"

"ఏం, ఆడవాళ్ళమేగా."

"కుళ్ళుతుందా అక్కగారూ?" అన్నారు ప్యో గారు. ఆ ప్రశ్న ఈసారి వేరేలా అడిగారు. గొంతు చిన్నదైపోయింది.

అత్తయ్య కాసేపు ఆవిడ వంక చూసింది. "ఎందుకు కుళ్ళదు? మనిషితోపాటే పోతుంది. ముందూ కాదు, వెనకా కాదు. అందుకేగా నార నేసుకునేది."

ప్యో గారు అప్పుడు కూర్చున్నారు. ఎవరూ కూర్చోమనలేదు, నేల మీదే కూర్చుండిపోయారు.

"పోయిన నెల అధికమాసంలో మా అమ్మ సమాధి మార్చాం," అన్నారు. "ముప్ఫై ఏళ్ళయింది పోయి. అప్పట్లో నాకు నార కొనే స్తోమత లేదు. బజార్లో తళతళలాడే నైలాను బట్టలు దొరికితే, పట్టులా ఉన్నాయని మురిసిపోయి కొన్నాను. మొన్న తవ్వి తీస్తే... అమ్మ లేదు. ఎముకలు నాలుగు కూడా సరిగ్గా లేవు. బట్ట మాత్రం ఉంది. మడత నలక్కుండా, రంగు పోకుండా, తళతళలాడుతూ! చేత్తో దులిపితే కొత్తదిలా ఉంది. ఆ బట్టలోంచి అమ్మని ఏరుకున్నాను."

సంగు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో ఉప్పుచేప పొట్లం. ఎందుకు తీశాడో అతనికే తెలీదు.

"గదులకి వద్దులెండి," అన్నారు ప్యో గారు. "కిటికీలకి కాగితం చాలు. ఇది నాకిస్తారా? నాకే."

"మీకా?" అత్తయ్య కళ్ళు చిట్లించింది. "మీకేం తొందర? నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్న. నా వెనక వరసలో నిలబడాలి మీరు."

"వరస తప్పేలా ఉందక్కగారూ. వచ్చే అధికమాసం దాకా ఆగుతానని నేనంటున్నాను. డాక్టర్లు అనడం లేదు."

ఎంత మామూలుగా అన్నారో ఆ మాట! ఊలు టోపీ ఎందుకో నాకప్పుడు తెలిసింది. నోరున్నదాన్ననుకున్నాను కదా, అది ఏమైందో.

అత్తయ్య తెర వైపు చూసింది. ఎండ కాస్త కిందికి దిగి, తేనె రంగు పట్టీ మీద నిలిచింది. పదకొండేళ్ళుగా పెట్టెలో ఉన్న బట్ట. నేసినావిడ కూడా దాన్ని వెలుగులో పెట్టి చూసి ఉండదు. ఎంతసేపు చూసిందో!

"అన్నం తిన్నారా?" అంది ప్యో గారితో.

"ఆఁ... లేదు."

"ఒరే సంగూ, ఆ చేప పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడకపోతే పొయ్యి మీద పెట్టరాదూ. బోరం, స్టూలు తెచ్చుకో. మెల్లగా విప్పు, లాగకు."

విప్పాను. అత్తయ్య దాన్ని ఒళ్ళో వేసుకుని సూది మొనతో నా ముడులు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టింది. నేను వేసిన ముడులు ఎంత గట్టివో అప్పుడు తెలిసింది నాకు.

"అత్తయ్యా," అన్నాను ఆగలేక, "అధికమాసం కాదుగా ఇప్పుడు?"

"అయితే?"

"పొద్దున్నేమో మూడేళ్ళదాకా కుట్టకూడదన్నారు!"

"అధికమాసంలో ఒకసారి కుట్టిందే ఇది. ఇప్పుడు చేసేది మరమ్మతు. మరమ్మతుకి ముహూర్తమేంటి?"

"మరి నాతో..."

"నీకు చెప్పే లెక్క వేరు."

ప్యో గారు నవ్వారు. వచ్చినప్పట్నించీ అదే మొదటి నవ్వు. "జానెడు తక్కువుందన్నారుగా అక్కగారూ, పర్లేదా?"

అత్తయ్య తల ఎత్తి ఆవిడని పైనుంచి కిందదాకా కొలిచింది. "మీరు నాకన్నా పొట్టి. బారుగా పడుకున్నా సరిపోతుంది."

దారమంతా తీసేసి అయిదు పట్టీలూ విడిగా నేల మీద పరిచింది. కుట్టడానికి రేపు పొద్దున్నే ఒక్బున్‌ని రమ్మని ఫోన్ చెయ్యమంది. ఈసారి పోయింది తను కాదని ముందే చెప్పమంది. నేను ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"మరి మీకో అత్తయ్యా?"

"నాకేం?"

"మీకు... దుప్పటి?"

"మూడేళ్ళుందిగా అధికమాసానికి." దారం చుట్ట కోసం వెతుకుతూ, నా వైపు చూడకుండానే అంది. "వచ్చే ఎండాకాలం నార కోతకొస్తుంది. నాకు కళ్ళు ఆనవు, ఇంకో దుప్పటికి చాలవు. నాది నువ్వు నేస్తావు."

నాలుగేళ్ళుగా నార గురించి నేను రాయని మాట లేదు. ఒక్క పోగు చీల్చి ఎరగను. సంగు వంటింట్లోంచి తల బయట పెట్టి నన్నే చూస్తున్నాడు. ప్యో గారూ చూస్తున్నారు. సరే అనలేదు నేను. కాదనీ అనలేదు.

అత్తయ్య నా కుడిచెయ్యి లాక్కుంది. జిగురు పని చేసేదాన్ని, గోళ్ళు పూర్తిగా కత్తిరించుకుంటాను. బొటనవేలు తిప్పి వెలుగులో పెట్టి చూసి, పెదవి విరిచింది.

"ఇవాళ్టినించీ ఈ గోరు తియ్యకు," అంది. "నార చీల్చేది దీంతోనే."